పూర్వస్థితికి వచ్చిన జీపు

గురవయ్య పెళ్లాన్ని వదిలేసి జీపును ఉంచుకున్నాడని ముళ్లపాడులో మొదట చెప్పింది పక్కింటి సుబ్బరత్నమ్మ. ఆమె చెప్పింది పాలకేంద్రంలో వెన్నశాతం చూసే చలమయ్యకు. చలమయ్య దాన్ని క్యాను తెచ్చిన ప్రతి మనిషికీ కొలిచి పోశాడు. గేదెను తెచ్చి వసారాలో కట్టేశాడంట, గేదెల కొట్టంలో జీపును పెట్టాడంట. పెళ్లాం తిరుపతమ్మ తలంటుకుందామని నానబెట్టుకున్న కుంకుడు రసం ఎత్తుకుపోయి జీపు మూతికి రుద్దాడంట. దాని కింద వెల్లకిలా పడుకొని పొద్దుగూకేదాకా గుసగుసలంట. "కట్టుకున్నదానికి ఏనాడన్నా అట్టా నూనె రాశాడేమో అడగండి" అని సుబ్బరత్నమ్మ అన్నదని చలమయ్య అన్నాడు.

ఇందులో అబద్ధం తక్కువే. గేదె వసారాలోకి మారిన మాట నిజం. కుంకుడు రసం మాటా నిజమే, ఆ రోజు తిరుపతమ్మ వేసిన కేకలు పాలకేంద్రం దాకా వినపడ్డాయి. గుసగుసల దగ్గరే సుబ్బరత్నమ్మ పొరబడింది. అవి గుసగుసలు కావు, తిట్లు. తుప్పుపట్టిన బోల్టు ఎంతకీ తిరగకపోతే మనిషి కింద పడుకొని ఇంకేం మాట్లాడతాడు?

గురవయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. సర్వీసంతా ఒకటే నమ్మకం మీద లాక్కొచ్చాడు. టికెట్టు లేకపోతే ఎమ్మెల్యే బావమరిదైనా దిగాల్సిందే. టికెట్టుంటే మేకపిల్లయినా కూర్చోవచ్చు. ఒకసారి నిజంగానే మేకపిల్లను కూర్చోబెట్టి ఎమ్మెల్యే బావమరిదిని దించాడు. దానికి బదిలీ అయితే, ఆ ఉత్తర్వును పటం కట్టించుకొని ఇంట్లో తగిలించుకున్నాడు. టికెట్టు చేతిలో ఉన్నవాణ్ని ఈ భూమ్మీద ఎవరూ దించలేరని ఆయన గట్టి నమ్మకం.

పశువైద్య శాఖ వాళ్లు పనికిరాదని వేలం వేసిన నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్ వీల్ జీపును ఆయన కొన్నది మోజుతో కాదు. వాగుకు అవతల నెమలిదిన్నెలో వాళ్ల అక్క అంకమ్మ ఉంది. రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి రెండుసార్లు టౌనుకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. మధ్యలో ఉన్నది దొంగవాగు. కొండ మీద ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే చెప్పాపెట్టకుండా వచ్చి పడుతుంది కాబట్టి దానికి ఆ పేరు. వంతెన కడతామని వేసిన శంకుస్థాపన రాయిని కూడా ఒక ఏడాది అదే ఎత్తుకుపోయింది. వానాకాలంలో నెమలిదిన్నెలో ఎవరికన్నా ప్రాణం మీదికొస్తే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకురావాలి. గురవయ్య తల్లిని అట్లాగే మోసుకొచ్చారు. మంచం ఇవతలి గట్టుకు చేరింది. ఆమె ప్రాణం చేరలేదు.

"నా ఇంటికొచ్చి ఉండక్కా" అని ఆయన ఎన్నిసార్లడిగినా అంకమ్మది ఒకటే మాట. "నేనొస్తే నా మేకల్ని ఎవడు తోలతాడురా? నీ కండక్టరు ఈలకు నా మేకలు ఆగవు."

అక్క రాదు, వంతెన రాదు. రాగలిగింది జీపు ఒక్కటే. అదైనా వచ్చినప్పుడు ఎద్దులు లాగితే వచ్చింది.

టైర్ల షాపు మస్తాన్ వలీ, గురవయ్య కలిసి ఆ కొట్టంలో దాన్ని ముక్కముక్కగా విప్పారు. ఇంజనులో పిచిక గూడు, సీటు కింద పశువులకు వేసే సూదులు, డాష్‌బోర్డు వెనక పాముకుబుసం దొరికాయి. కుబుసం చూసి మస్తాన్ వలీ మూడు రోజులు పనికి రాలేదు. ట్రాక్టరు ట్రాలీ కమాను పట్టీలు తెచ్చి వేసి జీపును మూరెడు ఎత్తు లేపారు. పెద్ద టైర్లు ఎక్కించారు. వాగులో నీళ్లు ఇంజనులోకి పోకుండా బోరు పైపును వంచి, గాలి పీల్చే గొట్టాన్ని టాపు ఎత్తుకు తీసుకుపోయారు. వెనక సీట్లు పీకేసి, అంకమ్మ పడుకోవడానికి బల్ల బిగించి కొబ్బరిపీచు పరుపు వేశారు. సెలైన్ సీసా తగిలించడానికి పైన కొక్కెం పెట్టారు. ముందు బంపరుకు తిరుపతమ్మ వాళ్ల పుట్టింటి బావి గిలక బిగించి తాడు చుట్టారు, ఎక్కడన్నా దిగబడితే లాక్కోవడానికి. ఆ గిలక దగ్గర మళ్లీ కేకలయ్యాయి.

వేసంగి చివర్లో దొంగవాగుకు మొదటి నీళ్లొచ్చిన రోజున, అంకమ్మను ఎక్కించుకొని జీపు అందులో దిగింది. గురవయ్య ఫోర్ వీల్ గేరు వేసి, పక్కనున్న మస్తాన్ వలీ చెయ్యి పట్టుకొని, కళ్లు మాత్రం మూసుకోకుండా నడిపాడు. నీళ్లు తలుపుల సగం దాకా వచ్చాయి.

వెనక పరుపు మీద నుంచి అంకమ్మ అరిచింది. "ఒరే గురవా! ఇది జీపా, తిరగలా? నా నడుములో ఎముకలన్నీ పిండయినాయి. వాగు దాటతావా, లేక దీంట్లోనే కాపురం పెడతావా?"

"దాటి అర ఫర్లాంగయింది, అక్కా."

అంకమ్మ లేచి కూర్చొని వెనక్కి చూసింది. వాగు దూరంగా, ఎర్రగా ఉంది. "సరేలే. ఆ గుంటల్లో మాత్రం మెల్లిగా పోనీ" అంది. ఆమె నోటి నుంచి అంతకన్నా మెప్పు ఎవరికీ రాలేదు.

సరిగ్గా ఆ వారమే రాజధానిలో ఎవరికో పాత బండ్ల మీద ప్రేమ పుట్టింది. పెద్దవాళ్లు కొందరు పాతకార్లలో ఊరేగితే ఫొటోలు బాగా వచ్చాయట. దాంతో 'పాత వాహనాల పూర్వవైభవ పథకం' వచ్చింది. ఏ పాత బండయినా తాను మొదట ఎట్లా ఉండేదో అట్లా ఉన్నట్టు సర్టిఫికెట్ పొందాలి. సర్టిఫికెట్ లేని పాతబండి రోడ్డు మీద కనపడితే పట్టుకుపోయి తుక్కు చేస్తారు. దీనికోసం టౌనులో 'పూర్వస్థితి నిర్ధారణ సంఘం' ఒకటి వెలిసింది. దానికి కన్వీనరు సదాశివమూర్తి గారు. సొంతానికి ఒక బండయినా లేని మనిషి కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటారని ఆయన్ను వేశారు.

"ఇదేం గోలన్నా? మన పాటికి మనం తోలుకుంటే సరిపోలా?" అన్నాడు మస్తాన్ వలీ.

"టికెట్టు లేకుండా ఎక్కేదెట్టరా?" అన్నాడు గురవయ్య. వెంటనే దరఖాస్తు పెట్టాడు. జిల్లాలో మొట్టమొదటి దరఖాస్తు అదే. చివరిది కూడా అదేనని తర్వాత తెలిసింది.

సదాశివమూర్తి గారు ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకొని ముళ్లపాడు వచ్చారు. జీపు చుట్టూ ప్రదక్షిణగా తిరిగి, గొట్టం దగ్గర ఆగారు.

"ఇది ఏమి?"

"ఊపిరి గొట్టం సార్. వాగులో దిగినప్పుడు ఇంజనులోకి నీళ్లు పోకుండా."

"తయారీ సమయమున ఈ వాహనమునకు వాగు ఉన్నదా?"

"వాగు అంతకు ముందు నుంచే ఉంది సార్."

"వాగు ఉండుట వేరు. వాహనమునకు వాగుతో సంబంధము ఉండుట వేరు. తొలగించవలెను."

ఒక సభ్యుడు రాసుకున్నాడు. కన్వీనరు గారు వెనక్కి వెళ్లి లోపలికి తొంగిచూశారు. "ఈ పరుపు?"

"మా అక్క పడుకోవటానికి సార్. డయాలసిస్‌కు తీసుకపోవాలి."

"మీ అక్కగారు తయారీ నాటికి వాహనములో అంతర్భాగమా?"

"కాదు సార్."

"తొలగించవలెను."

రాసుకుంటున్న సభ్యుడు తలెత్తాడు. "పరుపునా సార్, అక్కగారినా?"

"ఉభయులనూ" అన్నారు సదాశివమూర్తి గారు.

గొట్టం పోయింది. బల్ల పోయింది, కొక్కెం పోయింది. కమాను పట్టీలు దించితే జీపు మూరెడు కిందికి కూలబడింది. బావి గిలక తిరుపతమ్మకు తిరిగొచ్చింది, ఈ పథకం వల్ల లాభపడింది ఆమె ఒక్కతే. విప్పిన సామాన్లన్నీ మస్తాన్ వలీ గోనెసంచుల్లో కట్టి కొట్టంలో ఒక మూలన పెట్టాడు. "సర్టిఫికెట్ రాంగానే ఒక్క పూటలో బిగిస్తానన్నా" అన్నాడు. గురవయ్య తలూపాడు. టికెట్టు కొట్టించుకునే దాకా క్యూలో నిలబడక తప్పదు గదా.

రెండోసారి వచ్చినప్పుడు సంఘానికి రంగు నచ్చలేదు. గోకి చూస్తే అడుగున తెల్లరంగు బయటపడింది. తెల్లరంగు వేయించమన్నారు. ముందు అద్దం మీద 'ప్రభుత్వ పశువైద్య శాఖ' అన్న బోర్డు ఉండేదని విచారణలో తేలింది. బోర్డు పెట్టించమన్నారు. గురవయ్య రెండూ చేయించి, తళతళలాడుతున్న జీపు పక్కన కొత్త చొక్కా వేసుకొని నిలబడ్డాడు. సదాశివమూర్తి గారు తృప్తిగా చూసి, తాళంచెవి ఇమ్మన్నారు.

"ఎందుకు సార్?"

"బోర్డు ఉన్నది కనుక ఇది ప్రభుత్వ వాహనమును పోలియున్నది. ప్రభుత్వ వాహనమును ప్రైవేటు వ్యక్తులు నడుపరాదు."

"బోర్డు పెట్టమన్నది మీరే గదా సార్!"

"పెట్టుమన్నాము. నడుపుమనలేదు."

బోర్డు చూసి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు జబ్బు పశువులను తోలుకురావడం మొదలుపెట్టారు. పశువుల ఆస్పత్రి ముళ్లపాడుకు వచ్చిందని చలమయ్య పాలతో పాటు పంచాడు. పొద్దున లేచేసరికి గురవయ్య ఇంటి ముందు పొదుగు వాచిన గేదెలు, కుంటి ఎద్దులు, కడుపుబ్బిన దూడలు. అందరికన్నా ముందు సుబ్బరత్నమ్మే తన గేదెను కట్టేసి నిలబడింది. "ఏందన్నయ్యా, పక్కింటోళ్లమని గూడా చూడవా? నా గేదె చూలు కట్టలా, కాస్త చూడు" అని ఆయన మీదే విసుక్కుంది.

గురవయ్య పరుగున టౌనుకు పోయి సంఘానికి మొరపెట్టుకున్నాడు. సదాశివమూర్తి గారి ముఖం వెలిగిపోయింది. "చూచితిరా! పూర్వస్థితి వాహనమునకే కాక ప్రజలకు కూడా వచ్చుచున్నది" అని సభ్యులతో అన్నారు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

ఈలోగా వానలు పట్టాయి. దొంగవాగు రోజుకొకసారి వచ్చిపోతోంది. అంకమ్మను మంచం మీద మోసుకొస్తున్నారు. ఒకరోజు గురవయ్య, మస్తాన్ వలీ ఇవతలి గట్టు మీద నిలబడి చూస్తున్నారు. మోసే వాళ్లకు నీళ్లు రొమ్ముల దాకా ఉన్నాయి. మంచం ఒకపక్కకు ఒరిగింది, మళ్లీ నిలబడింది. గురవయ్య చేతిలో ఉన్న గొడుగు కర్ర పటుక్కుమని విరిగింది. ఎప్పుడు అంత గట్టిగా పట్టుకున్నాడో ఆయనకే తెలియదు.

గట్టుకు చేరాక అంకమ్మ మంచం మీదే లేచి కూర్చొని తడిసిన కొంగు పిండుకుంది. "నీ జీపేదిరా? గేదెల్ని చూస్తోందా?"

"సర్టిఫికెట్ వస్తదక్కా. రేపో మాపో."

"వచ్చేదాకా ఆగమని వాగుకు చెప్పు మరి."

ఆ సాయంత్రం మస్తాన్ వలీ కొట్టంలోకి పోయి గోనెసంచుల మూతులు విప్పాడు. "అన్నా, చెప్తున్నా విను. బిగించేద్దాం. తాళంచెవి లేకపోయినా వైర్లు కలిపి స్టార్టు చేస్తా. పట్టుకుంటే పట్టుకుంటారు, ఏందయితే అదయింది."

గురవయ్య సంచుల వైపు చూశాడు. ఒక చెయ్యి బోరు పైపు మీద కూడా పడింది. ఇన్నేళ్లలో తాను దించేసిన వాళ్లందరూ ఆయనకు గుర్తొచ్చారు. నడిరోడ్డు మీద, ఎండలో, మూటలతో సహా దించేశాడు. టికెట్టు లేదంటే లేదు, అంతే. ఇప్పుడు తానే టికెట్టు లేకుండా ఎక్కితే, వాళ్లందరి ముందూ తాను ఏం మనిషి? "తుక్కు చేస్తే అక్కకు ఎప్పటికీ ఉండదురా. ఇంకొక్క తనిఖీయే గదా" అని చెయ్యి తీసేశాడు. మస్తాన్ వలీ సంచుల మూతులు మళ్లీ కట్టాడు. కట్టేటప్పుడు గురవయ్య ముఖం చూడలేదు.

మూడో తనిఖీకి సంఘం ఒక సాక్షిని తీసుకొచ్చింది. పశువైద్య శాఖలో అటెండరుగా చేసి దిగిపోయిన కోటిలింగం. సదాశివమూర్తి గారు ఆయన్ను జీపు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "వాహనమును నడుపుచుండగా మీరు చూచితిరా?"

"నడపటమా?" కోటిలింగం నవ్వాడు. "నేను చేరిన కాడ్నించి ఇది ఆఫీసు ఎనక వేపచెట్టు కిందనే ఉండె. రిపేరుకు పైనుంచి ఆర్డరు రావాలంటిరి. అది రాలా. బ్యాటరీ ఎవురో ఎత్తకపోయిరి. టైర్లు నేలకంటుకపోయె. డ్రైవరు సీట్లో కోడి పొదగతా ఉండె, పిల్లల్ని లేపింది గూడా."

సదాశివమూర్తి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సభ్యులారా, మనము ఇంతవరకు పొరబడితిమి. ఈ వాహనపు చిరకాల స్థితి నిశ్చలత. చలనము దానికి అప్పుడప్పుడు కలిగిన వికారము మాత్రమే. బ్యాటరీ తొలగించవలెను. టైర్లలో గాలి తీయవలెను. కోడిని ప్రవేశపెట్టవలెను."

"ఏ కోడిని సార్?" అన్నాడు గురవయ్య. ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో ఆయన గొంతులో తెలియడం లేదు. "ఆ కోడిని ఎప్పుడో కోసుకొని తినుంటారు గదా."

"తిన్నాం, తిన్నాం" అని కోటిలింగం ఒప్పుకున్నాడు.

"జాతి సరిపోలిన చాలును. పొదుగుచుండవలెను. అంతే."

తిరుపతమ్మ పెట్టల్లో ఒకటి పొదుగుతూ ఉంది. దాన్ని గుడ్లతో సహా గంపలో పెట్టి డ్రైవరు సీట్లోకి మార్చారు. ముందు అది సభ్యులలో ఒకరి చేతిని పొడిచింది, తర్వాత సర్దుకుంది. మర్నాడు పాలకేంద్రంలో వార్త: గురవయ్య జీపు గుడ్లు పెడుతోందంట. సుబ్బరత్నమ్మ చెప్పిందంట.

సర్టిఫికెట్ ప్రదానం టౌనులో, పెద్ద షామియానా కింద జరిగింది. కదలని జీపును కదిలించకుండా సభకు తీసుకురావడం ఎట్లాగన్న దాని మీద సంఘం రెండు సమావేశాలు పెట్టుకుంది. చివరికి వేలం నాడు ఎట్లా వచ్చిందో అట్లాగే, ఎద్దులు కట్టి లాక్కురావచ్చని తీర్మానించారు. టైర్లలో గాలి లేదు కాబట్టి ఎద్దులు నురగలు కక్కాయి. కోడి మాత్రం దారంతా మర్యాదగా కూర్చుంది.

ఆ రోజు అంకమ్మకు డయాలసిస్ ఉన్న రోజే. ఆస్పత్రిలో పని అయిపోగానే గురవయ్య ఆమెను షామియానా దగ్గరికి తీసుకొచ్చి మొదటి వరసలో కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఇంకా ఆరలేదు. మస్తాన్ వలీ వెనక నిలబడ్డాడు. గోనెసంచులు, బ్యాటరీ, గాలి పంపు ఆటోలో పెట్టుకొని మరీ వచ్చాడు. సర్టిఫికెట్ చేతిలో పడగానే అక్కడికక్కడే బిగించి, సాయంత్రం అంకమ్మను పరుపు మీద పడుకోబెట్టి వాగు దాటించాలని అతని లెక్క.

సదాశివమూర్తి గారు మైకు ముందుకొచ్చారు. "జిల్లాలో సంపూర్ణ పూర్వస్థితిని పొందిన ఏకైక వాహనము ఇది! ఇందు నిమిత్తము దీని యజమానికి ఈ ధ్రువపత్రము" అంటూ గురవయ్యకు శాలువా కప్పారు, సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. గురవయ్య సర్టిఫికెట్‌ను రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు. ఎన్నాళ్లకు టికెట్టు!

"చాలా సంతోషం సార్" అన్నాడు. "ఇంక బిగించుకొని నడుపుకోవచ్చు గదా?"

సదాశివమూర్తి గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి జాలిగా చూశారు. "గురవయ్య గారూ, నడిపినచో అరుగుదల. అరిగినచో పూర్వస్థితి చెడును. పూర్వస్థితి చెడిన వాహనము తుక్కు. ధ్రువపత్రము పొందిన వాహనము కదలరాదు."

"మరి సర్టిఫికెట్ దేనికి సార్?"

"కదలకుండా ఉండుటకు."

గురవయ్య బస్సులో ఇన్నేళ్లు ఎన్ని రకాల టికెట్లో కొట్టాడు. ఎక్కకూడదని ఇచ్చే టికెట్టు మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. వెనక మస్తాన్ వలీ చేతిలోని స్పానరు నేల మీద పడింది.

ఫొటోల వాళ్లు వచ్చేశారు. సభ చల్లబడకుండా సదాశివమూర్తి గారు మైకును మొదటి వరసలోకి దించి అంకమ్మ ముందు పెట్టారు. "యజమాని సోదరి గారు కూడా విచ్చేశారు. అమ్మా, తమరి వాహనము సంపూర్ణముగా పూర్వస్థితికి వచ్చినందులకు తమరి స్పందన ఏమి?"

అంకమ్మ మైకును చేత్తో పక్కకు తోసింది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు, కొండ మీద మేకల్ని పిలిచే గొంతు అది.

"జీపొక్కటే కాదయ్యా, నేను గూడా వచ్చినా పూర్వస్థితికి. ఈ జీపు లేనప్పుడు మా అమ్మను మంచం మీద మోసుకొచ్చిరి. పొద్దున నన్నూ అదే వాగులో, అట్టనే మోసుకొచ్చిరి. మా అమ్మ ఇవతలి గట్టుకు పీనుగై చేరింది. నాకు ఆ ఒక్కటే తక్కువ, దానికి ఇంకొక్క వాన చాలు. అప్పటిదాకా ఆగుతారా, లేకపోతే నా మీద గూడా ఇప్పుడే కోడిని కూర్చోబెడతారా?"